మాలిష్ అయ్యాక రెండు మూడు రోజులు: ఏ నొప్పికి ఓపిక పట్టాలి, ఏ నొప్పికి దవాఖానకు పోవాలి

"రేపు కొంచెం ఒళ్లు నొప్పులుంటయ్, ఏం గాదు, తగ్గిపోతది" అని మాలిష్ చేసినవాళ్లు చెప్పి పంపించేస్తారు. ఆ కొంచెం అంటే ఎంతో, ఎన్ని రోజులో, ఎలాంటి నొప్పో ఎవరూ విడమర్చి చెప్పరు. దీంతో మామూలు నొప్పికే భయపడి కొందరు ఆర్‌ఎంపీ దగ్గరికి పరుగెత్తి సూది వేయించుకుంటారు, నిజంగా ప్రమాదమైన నొప్పి వచ్చినప్పుడేమో ఇంకొందరు "మాలిష్ చేయించుకున్నం కదా, అందుకే" అనుకుని ఇంట్లోనే పడుకుంటారు. నాకు ఎక్కువ భయం ఈ రెండో రకం వాళ్ల గురించే.

పత్తి ఏరి ఏరి నడుము పట్టేసినవాళ్లు, ముంబై, పుణె పనుల నుంచి పండక్కి ఊరికొచ్చిన పాలమూరు వాళ్లు, లారీ డ్రైవర్లు, పొద్దంతా కుట్టు మిషన్ ముందు వంగి కూర్చునేవాళ్లు, ఇలా మన వైపు మాలిష్ అవసరం లేనివాళ్లు తక్కువ. ఇంట్లో నువ్వుల నూనెతో రుద్దించుకున్నా, నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఫిజియోథెరపీ క్లినిక్‌కు పోయినా, ఆయుర్వేదం వాళ్ల దగ్గర అభ్యంగం, ఆవిరి స్నానం చేయించుకున్నా, హిజామా (గాట్లు పెట్టి కప్పులతో రక్తం లాగించడం) పెట్టించుకున్నా తర్వాత చూసుకోవాల్సినవి చాలావరకు ఒకటే.

అన్నిటికంటే ముందు ఒక లెక్క గుర్తు పెట్టుకోండి. మాలిష్ వల్ల వచ్చిన నొప్పి మర్నాడు బాగా తెలుస్తుంది, రెండో రోజు అలాగే ఉండొచ్చు, మూడో రోజుకు తగ్గుముఖం పట్టాలి. మూడో రోజుకు ఇంకా పెరుగుతుంటే, లేదా మధ్యలో ఎప్పుడైనా సరే తిమ్మిరి, ఒక వైపు వాపు, జ్వరం, ఆయాసం, బలహీనత తోడైతే దాన్ని మాలిష్ నొప్పి అనుకోవద్దు. కింద రాసేదంతా ఈ లెక్క చుట్టూనే తిరుగుతుంది.

లేచేటప్పుడు

మాలిష్ అయిపోగానే బల్ల మీద నుంచి గబుక్కున లేవకండి. గంటసేపు పడుకుని, ఒళ్లంతా వదులైనప్పుడు బీపీ కొంచెం పడిపోయి ఉంటుంది. బీపీ గోళీలు వేసుకునేవాళ్లకు, పొద్దున్నుంచి ఏమీ తినకుండా వచ్చినవాళ్లకు, ఆవిరి పెట్టెలో కూర్చుని చెమటలు పట్టించుకున్నవాళ్లకు ఇంకా ఎక్కువ పడుతుంది. ముందు పక్కకు తిరగండి, చేతులు ఆనించి లేచి కూర్చోండి, కాళ్లు కిందికి వేలాడేసి ఒకటి రెండు నిమిషాలు ఆగండి, కళ్లు తిరగట్లేదని తెలిశాకే నిలబడండి. తిరిగినట్టు అనిపిస్తే మళ్లీ పడుకుని కాళ్ల కింద దిండు పెట్టుకోండి, ఐదు పది నిమిషాల్లో సర్దుకుంటుంది.

అడుగు కింద పెట్టేముందు పాదాల అడుగున ఉన్న నూనె పాత గుడ్డతో పూర్తిగా తుడవండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ ఇంట్లో చేయించుకునే మాలిష్‌లో ముసలివాళ్లకు పెద్ద ప్రమాదం ఇక్కడే ఉంది. పాతకాలంలో మట్టి నేల, బండలు, నూనె పాదాలతో నడిచినా కాలు ఆనేది. ఇప్పుడు ఇల్లంతా నున్నటి టైల్స్, బాత్‌రూంలో తడి, దాని మీద నూనె. అరవై దాటిన మనిషి అక్కడ జారిపడితే తుంటి ఎముక విరుగుతుంది, నడుము నొప్పికని మొదలుపెట్టింది ఆపరేషన్ దాకా పోతుంది. అందుకే పెద్దవాళ్లకు మాలిష్ చేస్తే బాత్‌రూం దాకా ఒకరు చెయ్యి పట్టుకుని తీసుకుపోండి, లోపల ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టి స్నానం చేయించండి, అయ్యాక నేల మీద నూనె జిడ్డు సబ్బు నీళ్లతో కడిగేయండి, లేకపోతే తర్వాత పోయినవాళ్లు జారుతారు.

నీళ్లు, తిండి, బండి

మాలిష్ తర్వాత లీటర్ల కొద్దీ నీళ్లు తాగితే ఒంట్లో విషం అంతా కొట్టుకుపోతుందని చాలామంది చెబుతారు. అలా ఏమీ జరగదు. ఒంట్లో వ్యర్థాలను తీసేసే పని లివరు, కిడ్నీలు రోజూ చేస్తూనే ఉంటాయి, మాలిష్‌తో కొత్తగా విషాలేమీ బయటికి రావు. కండరాల్లో లాక్టిక్ యాసిడ్ పేరుకుపోయి ఉంటుందనేది కూడా అంతే, కష్టపడి పని చేశాక గంట గంటన్నరలో ఒళ్లు దాన్ని తనంతట తానే వాడేసుకుంటుంది. అయినా నీళ్లు తాగమనే నేనూ చెబుతాను, కారణం వేరే. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఎండ 44, 45 డిగ్రీలు దాటుతుంది, అప్పుడు చాలామంది అప్పటికే నీళ్లు తక్కువై ఉంటారు. అలాంటి ఒంటితో మాలిష్ చేయించుకుంటే తలనొప్పి, తల తిరగడం ఎక్కువ కావచ్చు. దాహం తీరేదాకా తాగండి, మజ్జిగలో ఉప్పేసుకుని తాగండి, జొన్న అంబలో రాగి జావో తాగితే ఇంకా మంచిది. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉండి డాక్టరు నీళ్లకు లెక్క పెట్టినవాళ్లు ఆ లెక్క దాటొద్దు.

కడుపు నిండా తిని మాలిష్‌కు పోవద్దు, అయ్యాక మాత్రం తేలిగ్గా ఏదైనా తినండి. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు ఒక జాగ్రత్త తీసుకోవాలి. సూది వేసుకున్న చోట రుద్దితే ఇన్సులిన్ తొందరగా రక్తంలో కలుస్తుంది, షుగరు ఒక్కసారిగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, ఉన్నట్టుండి ఆకలి, అయోమయం అనిపిస్తే చెంచాల లెక్క చూడకుండా చక్కెర నీళ్లో గ్లూకోజో తాగించండి, తర్వాత అన్నం పెట్టండి. మనిషి తెలివిలో లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, 108కి ఫోన్ చేయండి.

నిద్రమత్తు సహజం. మాలిష్ చేయించుకున్న వెంటనే బైకెక్కి హైవే మీదికి పోకండి, విజయవాడ రోడ్డయినా బెంగళూరు రోడ్డయినా. అరగంట కూర్చోండి, ఛాయ్ తాగండి, కళ్లు తేటగా ఉన్నాయనుకున్నాకే బయల్దేరండి.

స్నానం, కాపడం

నూనె రాసిన అరగంట, గంట తర్వాత గోరువెచ్చని నీళ్లతో స్నానం చేయండి. సున్నిపిండి, శనగపిండి ఏదైనా సరే, తోలు ఎర్రబడేలా రుద్దకండి, అప్పటికే దాన్ని రుద్ది రుద్ది ఉంచారు. వావిలాకు వేసి మరిగించిన నీళ్లు పోసుకోవడం మన ఇళ్లలో అలవాటే, హాయిగా ఉంటుంది, పోసుకోండి, కాకపోతే పొగలు కక్కే నీళ్లు వద్దు. షుగరుతో పాదాలకు స్పర్శ తగ్గినవాళ్లకు వేడి ఎంతుందో తెలియదు, నీళ్లైనా ఉప్పు మూట అయినా ఇంట్లో ఇంకొకరు ముట్టుకుని చూశాకే పెట్టండి. ఇటుక కాల్చి గుడ్డలో చుట్టి కాపడం పెట్టే పద్ధతి మాత్రం ఇలాంటివాళ్లకు పూర్తిగా మానేయండి, బొబ్బ వచ్చిందంటే ఆ పుండు నెలల తరబడి మానదు.

నొప్పి బామ్ రాసుకుని దాని మీద వేడి కాపడం పెట్టడం, గట్టిగా గుడ్డ కట్టడం చాలామంది చేస్తారు. తోలు కాలుతుంది. రెండిట్లో ఏదో ఒకటే చేయండి. గుండెకు, పక్షవాతానికి వార్ఫరిన్ లాంటి రక్తం పల్చబడే గోళీలు వాడేవాళ్లు వింటర్‌గ్రీన్ నూనె ఉన్న బామ్‌లు, తైలాలు రోజూ ఎక్కువగా పూసుకోవద్దు. అందులోని మిథైల్ సాలిసిలేట్ తోలులోంచి లోపలికి పోయి మందు పనిని పెంచుతుంది, రక్తస్రావం అవ్వొచ్చు. సీసా మీద పేరు చదవండి.

దురద, దద్దుర్లు వస్తే ఆ నూనె పడలేదని అర్థం, కడిగేసి మళ్లీ వాడకండి. చిన్న చిన్న చీము పొక్కులు వెంట్రుకల మొదట్లో వస్తే అవి నూనెతో రంధ్రాలు మూసుకుపోయి వచ్చేవి, రోజూ సబ్బుతో కడిగి వదులు బట్టలు వేసుకుంటే ఎక్కువగా వారంలో పోతాయి, గిల్లకండి. ముఖం, పెదాలు ఉబ్బి ఊపిరి ఆడకపోతే మాత్రం దవాఖానే.

ఆ రాత్రి, మర్నాడు

గట్టిగా ఒత్తించుకున్నవాళ్లకు మర్నాడు పొద్దున లేవగానే ఒళ్లంతా కొట్టినట్టు ఉంటుంది. కొత్తగా నాట్లకు పోయిన మర్నాడు తొడలు, పిక్కలు ఎలా ఉంటాయో అలాగే. కండరం అలవాటులేని ఒత్తిడికి లోనై లోపల కొంచెం వాచి, ముట్టుకుంటే నొప్పి పెడుతుంది. ఇది 24 నుంచి 48 గంటల్లో ఎక్కువై, 72 గంటలకు తగ్గుతుంది. దీనికి మంచాన పడుకోవాల్సిన పనిలేదు. ఇంట్లో, వాకిట్లో అటూ ఇటూ నడవండి, గోరువెచ్చని కాపడం 10, 15 నిమిషాలు పెట్టండి, బరువులు ఎత్తే పని, మోటారు పైపులు లాగే పని ఒక రోజు వేరేవాళ్లకు చెప్పండి. కొందరికి తలనొప్పి, కొందరికి కారణం లేకుండా ఏడుపు, కొందరికి గాఢ నిద్ర, ఇవన్నీ ఒక రోజులో పోయేవే.

భరించలేకపోతే లివరు జబ్బులు లేని పెద్దవాళ్లు పారాసిటమాల్ ఒక గోళీ వేసుకోవచ్చు. డైక్లో (డైక్లోఫెనాక్) నొప్పి సూది వద్దు. ఎండలో పని చేసి నీళ్లు తగ్గిన ఒంట్లోకి నొప్పి మందులు మాటిమాటికీ పోతే కిడ్నీలు దెబ్బతింటాయి. బీపీ, షుగరు ఉన్నవాళ్లకు ఇంకా తొందరగా. మన ఊళ్లలో నొప్పి గోళీలు కిరాణా దుకాణంలో కూడా దొరుకుతాయి, మేస్త్రీ పనికి పోయేవాళ్లు రోజూ ఒకటి వేసుకుని పోతారు, ఇది నిజంగా బాధపడాల్సిన విషయం.

ఇంకొకటి, నొప్పి ఉందని రెండో రోజే మళ్లీ పోయి "ఇంకా గట్టిగ ఒత్తు" అనకండి. నొప్పి పుడితేనే పని చేసినట్టు అనే నమ్మకం మనలో బాగా పాతుకుపోయింది. గట్టిగా ఒత్తినంత మాత్రాన గుణం ఎక్కువ రాదు. నొప్పి పూర్తిగా పోయాకే ఇంకోసారి.

కమిలిన చోటికి మొదటి రెండు రోజులు చల్లటి కాపడం, ఐసుకు తోలుకు మధ్య గుడ్డ ఉండాలి, ఒకసారికి 10, 15 నిమిషాలు చాలు. కప్పులు పెట్టించుకున్నవాళ్లకు వచ్చే గుండ్రటి ముదురు మచ్చలు కూడా ఇలాంటి కమిలిన గుర్తులే. 2016 రియో ఒలింపిక్స్‌లో ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ భుజాల మీద లోకమంతా చూసింది వీటినే. కప్పు లాగినప్పుడు తోలు కింద సన్నటి రక్తనాళాలు చిట్లి రక్తం చేరుతుంది, అంతే. మచ్చ ఎంత నల్లగా ఉంటే అంత "చెడు రక్తం" అనే మాటలో నిజం లేదు. వారం, రెండు వారాల్లో పోతాయి. అవి పోయేదాకా ఆ చోట మళ్లీ కప్పు పెట్టించొద్దు, రుద్దించొద్దు. పెద్దగా ఒత్తకుండానే ఒళ్లంతా కమిలిపోతుంటే రక్త పరీక్ష చేయించుకోండి.

హిజామాలో తోలు మీద చిన్న గాట్లు పెడతారు కాబట్టి దాన్ని గాయంగానే చూడాలి. ఆ రోజంతా కట్టు తడవనీయకండి, గాట్లు మానేదాకా వాటి మీద నూనె, పసుపు, బూడిద ఏదీ పెట్టకండి, పొలం పనికి, బర్రెల కొట్టంలోకి పోవాల్సి వస్తే కప్పుకుని పోండి. చుట్టూ ఎర్రబడి వేడిగా ఉండటం, చీము, జ్వరం వస్తే డాక్టరుకు చూపించండి. రక్తం తక్కువున్న ఆడవాళ్లకు, రక్తం పల్చబడే గోళీలు వాడేవాళ్లకు ఇది తగదు. కొత్త బ్లేడు మీ కళ్ల ముందు విప్పకపోతే లేచి వచ్చేయండి. భుజాలకో వీపుకో ఫిజియో సూదులు పెట్టించుకున్నవాళ్లకు కొన్ని గంటల్లో ఛాతీలో పొడిచినట్టు నొప్పి, ఆయాసం వస్తే సూది ఊపిరితిత్తుల పొరకు తగిలి ఉండొచ్చు, అరుదే కానీ వెంటనే ఎక్స్‌రే తీయించాలి.

ఫ్లోరైడ్ ఒళ్లు ఉన్న పెద్దవాళ్లు

ఈ సంగతి వేరే ఊళ్లవాళ్లు రాసిన సలహాల్లో కనిపించదు, మనకు మాత్రం చాలా ముఖ్యం. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన పెద్దవాళ్లలో చాలామందికి వెన్ను కర్రలా బిగుసుకుపోయి ఉంటుంది, మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిప్పాలి. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు, దాన్ని దాటిన నీళ్లే దశాబ్దాలపాటు తాగారు. ఇప్పుడు భగీరథ నీళ్లు వస్తున్నా అప్పటికే బిగుసుకున్న ఎముకలు వెనక్కి రావు. వాళ్ల నొప్పి కండరంలో మాత్రమే లేదు, ఎముకలు చిక్కబడి, వాటిని కట్టిపట్టే లిగమెంట్లు గట్టిపడి, వెన్నుపాము పోయే దారి ఇరుకైపోయి ఉంటుంది. పైకి గట్టిగా కనిపించినా ఆ ఎముక విరిగే ప్రమాదం ఎక్కువే.

అలాంటివాళ్లకు మెత్తగా నూనె రాసి కాళ్లు, చేతులు నిమరడం, వెచ్చటి కాపడం పెట్టడం చేయండి, హాయిగా నిద్రపోతారు. వీపు మీద మోకాలు పెట్టి ఒత్తడం, కాళ్లతో తొక్కించడం, మెడ, నడుము తిప్పి టక్కుమనిపించడం మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. మాలిష్ తర్వాత కాళ్లలో చీమలు పాకినట్టుండటం, కాలు ఈడ్చుకుంటూ నడవడం, మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం కనబడితే తెల్లారేదాకా ఆగకండి, వెన్నుపాము మీద ఒత్తిడి పడిందేమో చూడాలి. ఫ్లోరైడ్ లేనివాళ్లకైనా ఈ గుర్తులకు ఇదే మాట.

మెడ విరిపించుకుంటే

కటింగ్ అయ్యాక సెలూన్‌లో తలకు మాలిష్ చేసి, చివర్లో గదవ పట్టుకుని మెడను అటు ఒకసారి ఇటు ఒకసారి టక్‌మని తిప్పుతారు. అలవాటైనవాళ్లకు అది లేకపోతే కటింగ్ అయినట్టే ఉండదు. దయచేసి మానేయండి. మెడ ఎముకల సందుల్లోంచి మెదడు వెనక భాగానికి రక్తం తీసుకుపోయే రెండు నాళాలు పోతాయి, ఒక్కసారిగా తిప్పినప్పుడు వాటి లోపలి పొర చిరిగి, అక్కడ రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతం. తిప్పడమే కాదు, వెనక్కి బాగా వంచినా ప్రమాదమే. 2022లో హైదరాబాద్‌లో 50 ఏళ్ల మహిళకు బ్యూటీ పార్లర్‌లో తల కడిగించుకుంటూ మెడ వెనక్కి వంచినప్పుడు ఇలాగే స్ట్రోక్ వచ్చింది, పేపర్లలో కూడా వచ్చింది. ఇది అరుదు, కానీ వయసులో ఉన్నవాళ్లకూ వస్తుంది.

ఇప్పటికే విరిపించుకుని వచ్చారా, అయితే గంటలు కాదు, కొన్ని రోజులదాకా ఇవి చూసుకోండి: మెడలో ఒక వైపు ఇంతకుముందెన్నడూ లేని నొప్పి, తల వెనక పొడిచే నొప్పి, గిర్రున తిరగడం, వాంతులు, రెండు రెండుగా కనబడటం, మింగుడు పడకపోవడం, మాట ముద్దగా రావడం, మూతి వంకర పోవడం, చెయ్యి పడిపోవడం. వాంతులు, తల తిరగడం చూసి పైత్యం అనుకుని నిమ్మకాయ నీళ్లు ఇచ్చి పడుకోబెడతారు, అక్కడే టైం పోతుంది. గడ్డను కరిగించే ఇంజెక్షన్ పని చేసేది గుర్తులు మొదలైన నాలుగున్నర గంటల్లోపే, అదీ సీటీ స్కాన్ చేశాకే ఇస్తారు. దేవరకొండ నుంచి నల్లగొండకైనా, అచ్చంపేట నుంచి మహబూబ్‌నగర్‌కైనా దారికే గంటకు పైన పడుతుంది. కాబట్టి మొదటి గుర్తు కనబడగానే 108, గుర్తు ఎన్ని గంటలకు మొదలైందో కాగితం మీద రాసి వెంట తీసుకుపోండి, డాక్టరు మొదట అడిగేది అదే.

కాలు వాస్తే, మూత్రం రంగు మారితే

ఒక్క పిక్కే వాచి, వేడిగా, ఎర్రగా, నొప్పిగా ఉంటే లోపలి రక్తనాళంలో గడ్డ ఉందేమోనని అనుమానించాలి. నరం పట్టేసిందని దాన్ని పిసకడం అన్నిటికంటే పెద్ద ప్రమాదం, ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు పోతే ప్రాణం మీదికొస్తుంది. కాన్పయిన ఆరు వారాల్లోపు బాలింతలు, ఆపరేషనై మంచాన ఉన్నవాళ్లు, ఎక్కువ దూరం బస్సులో కూర్చుని వచ్చినవాళ్లు ఈ విషయంలో మరీ జాగ్రత్త. మాలిష్ తర్వాత ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి, దగ్గుతో రక్తం వస్తే 108.

చాలాసేపు, చాలా గట్టిగా ఒత్తించుకున్నాక మూత్రం డికాషన్ రంగులో వస్తే, ఒళ్లు నొప్పులు విపరీతంగా ఉంటే, కండరం దెబ్బతిని దానిలోని పదార్థం కిడ్నీలకు చేరుతోందన్నమాట. అదే రోజు పరీక్ష చేయించాలి, ఇంట్లో నొప్పి గోళీ వేసుకుంటే ఇంకా చెడుతుంది.

పసిపిల్లలకు మాలిష్ అయ్యాక ముక్కులో, చెవిలో నూనె చుక్కలు వేయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతే నిమోనియా వస్తుంది. పసివాళ్ల రొమ్ములు పిండడం (పాలకాయ పిండడం అంటారు) కూడా వద్దు. సిజేరియన్ అయిన తల్లికి కుట్ల దగ్గర, కడుపు మీద డాక్టరు సరే అనేదాకా చెయ్యి పెట్టనీయకండి.

మళ్లీ ఎప్పుడైనా పోయేటప్పుడు, పడుకోకముందే చేసేవాళ్లకు చెప్పాల్సినవి: ఏ గోళీలు వాడుతున్నారో, షుగరు బీపీ ఉన్నాయో లేవో, పోయినసారి ఎక్కడ కమిలిందో, మూడు రోజుల్లో తగ్గిందో లేదో. పడిపోయో బెణికో రెండు రోజులు కాకపోతే, జ్వరం ఉంటే ఆ రోజు వద్దని మీరే చెప్పండి. మధ్యలో నొప్పి ఎక్కువైతే పళ్లు బిగించి ఓర్చుకోకుండా "ఇక్కడ ఆపండి" అని చెప్పండి, మంచి పనోళ్లు దానికి ఏమీ అనుకోరు, వెంటనే చెయ్యి తేలిక చేస్తారు.